పసుపు పక్క సాళ్లు: ఆర్మూర్ చేను చెప్పే హెర్బ్ గార్డెన్ చరిత్ర

ఈ ఎపిసోడ్ మొదలయ్యే ముందు ఒక చిన్న పని చేయండి. ఫోన్‌లో 'హెర్బ్ గార్డెన్' అని కొట్టి ఫోటోలు చూడండి. ఏమొచ్చాయి? బేసిల్, రోజ్‌మేరీ, థైమ్. చెక్క పెట్టెల్లో వరసగా, ఒక్కోదానికి పేరు రాసిన చిన్న పలక. చూడ్డానికి బాగుంటాయి, కాదనను. కానీ ఒకటి గమనించండి. హెర్బ్స్ ఒక దిక్కు, కూరగాయలు ఇంకో దిక్కు. పంట చేను అయితే ఫ్రేమ్‌లోనే లేదు.

ఇప్పుడు ఆర్మూర్ వద్దాం. నిజామాబాద్ జిల్లా, ఎన్‌హెచ్ 44, ఎన్‌హెచ్ 63 కలిసే ఊరు. నవనాథ సిద్ధుల గుట్ట ఉన్న ఊరు. ఆరు, మూడు కలిస్తే తొమ్మిది, ఆ తొమ్మిది మంది సిద్ధుల వల్లే ఈ పేరు వచ్చిందని మావోళ్లు చెప్పుకుంటారు. బయటోళ్లకు మాత్రం ఆర్మూర్ అంటే ఒకటే, పసుపు. అసలు 'ఆర్మూర్' అనేది ఊరి పేరే కాదు, ఒక దేశవాళీ పసుపు రకం పేరు కూడా. దుగ్గిరాల, టేకూరుపేట, మైదుకూరు రకాలు ఉన్నట్టే ఇదీ ఒకటి.

పసుపు రేటు గురించి, పసుపు బోర్డు గురించి మీరు చాలా వీడియోలు చూసి ఉంటారు. నేను ఇవాళ మాట్లాడేది పసుపు పక్కన ఉండే సాళ్ల గురించి. మక్క, మిరప, వంకాయ, చామ, ఉల్లి, మెంతి, కొత్తిమీర, గట్టు మీద ఆముదం, బంతి. మార్కెట్ యార్డు చీటీలో వీటిలో చాలావాటి పేరు ఉండదు. కానీ పసుపు తొమ్మిది నెలలు భూమిలో ఉన్నంత కాలం ఇంటిని నడిపింది ఇవే. ఆ చరిత్ర రాసినోళ్లు తక్కువ. ఎందుకు రాయాలో చివర్లో చెప్తా, అక్కడ ఒక పేటెంట్ కేసు ఉంది.

'హెర్బ్' అంటే తెలుగులో ఏమనాలి?

ట్రై చేయండి. 'మూలిక' అంటారా? మూలిక అంటే మనకు మందు. కొత్తిమీర కట్టను మూలిక అంటే కూరగాయలమ్మే అక్క నవ్వుతది. 'ఆకుకూర' అంటారా? మరి పసుపు ఆకు కాదు, దుంప. వాము గింజ.

ఇది మన భాషలో లోపం అని నాకనిపించదు. మెంతినే తీసుకోండి. పచ్చిగా ఉంటే పప్పులో వేసుకునే కూర. పేరులోనే ఉంది, మెంతికూర. ఎండి గింజ అయితే పోపుల డబ్బాలోకి పోతుంది. అదే గింజను షుగర్ ఉన్నోళ్లు రాత్రి నానబెట్టి పొద్దున తింటారు. ఒకటే మొక్క కూర, మసాలా, మందు అయినప్పుడు దానికి వేరే పెట్టె ఎందుకు? అందుకే మన పెరట్లో కరివేపాకు పక్కన బీర తీగ ఉంటుంది, తులసి గద్దెకు రెండడుగుల దూరంలో టమాటా ఉంటుంది. ఎవరూ గీత గీయలేదు.

యూరప్‌లో కూడా ఒకప్పుడు ఇంతే. క్రీ.శ. 800 ప్రాంతంలో షార్లమేన్ చక్రవర్తి కాలంలో రాజుగారి తోటల్లో ఏమేం పెంచాలో ఒక ఉత్తర్వు రాశారు. అందులో మెంతి ఉంది, ధనియాల మొక్క ఉంది. అదే జాబితాలో దోస, సొర, ఉల్లి, క్యాబేజీ కూడా ఉన్నాయి. మందు మొక్కలకు ప్రత్యేకంగా తోటలు వేయడం తర్వాత వైద్య విద్యతో పాటు పెరిగింది. ఇటలీలోని పాడువా యూనివర్సిటీ తోట 1545 నాటిది.

మన దగ్గర ఇంకా వెనక్కి పోవచ్చు. హర్యానాలో ఫర్మానా అనే హరప్పా కాలపు ఊరు ఉంది. నాలుగు వేల ఏళ్లకు పైబడిన ఆ చోట దొరికిన కుండల మీద, మనుషుల పళ్ల మీద అంటుకున్న పిండిపదార్థపు రేణువులను పరిశోధకులు మైక్రోస్కోప్ కింద పెట్టి చూశారు. దొరికినవి పసుపు, అల్లం, వంకాయ. అంటే పసుపు పక్కన కూరగాయ ఉండటం మనకు కనిపిస్తున్న చరిత్ర మొదట్లోనే ఉంది. కనీసం కుండలో అయితే కలిశాయి.

గింజ లేని మొక్క

ఇప్పుడు పసుపు గురించి ఒక విషయం. ఇది నాకు బీటెక్ అయిపోయి, ఉద్యోగంలో చేరాక గానీ తెలియలేదు. పసుపు మామూలుగా గింజ కట్టదు. చాలా మొక్కల్లో క్రోమోజోములు రెండు సెట్లు ఉంటాయి, మనం పండించే పసుపులో మూడు. మనం తినే అరటి లాగే. మూడు సెట్లు సమంగా పంచుకోలేవు కాబట్టి మంచి విత్తనం తయారు కాదు. పువ్వు పూస్తుంది, అంతవరకే.

దీని అర్థం ఏంటంటే, పసుపు తనంతట తాను ఎక్కడికీ పోలేదు. గాలి తీసుకుపోదు, పిట్ట తిని ఇంకో చోట వేయదు. ఎవరో ఒకరు కొమ్మును దాచాలి, ముక్కలు చేయాలి, భూమిలో పెట్టాలి. ఆర్మూర్ చేనులో ఇవాళ ఉన్న ప్రతి పసుపు మొక్క వెనక ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి తెగకుండా వచ్చిన వరస ఉంది. మా కోడింగ్ భాషలో చెప్పాలంటే ఇది మొత్తం క్లోన్. పాత కాపీ నుంచే కొత్త కాపీ.

క్లోన్‌కి ఒక లాభం, ఒక నష్టం. లాభం, రకం మారదు. నష్టం, జబ్బు కూడా దుంపతో పాటు వస్తుంది. దుంపకుళ్లు ఒకసారి పట్టిందంటే చేనంతా ఒకే రకం కాబట్టి అంతా ఒకేలా దెబ్బతింటుంది. అందుకే అనుభవం ఉన్న రైతు పసుపు వేసిన మడిలో మరుసటేడు మళ్లీ పసుపు వేయడు. మక్కో, ఎర్రజొన్నో, ఇంకోటో వేసి భూమి మారుస్తాడు.

ఖర్చు కూడా చూడండి. ఎకరాకు ఎనిమిది నుంచి పది క్వింటాళ్ల విత్తనం కావాలి. గ్రాములు కాదు, క్వింటాళ్లు. అంత పెట్టుబడి భూమిలో పెట్టి, మొదటి రూపాయి చూడ్డానికి తొమ్మిది నెలలు ఆగాలి. ఈ ఆగడమే మన కథలో అసలు సమస్య. దానికి రైతులు కనిపెట్టిన జవాబే పక్క సాళ్లు.

మక్క నీడలో

క్యాలెండర్ వేసుకుందాం. జూన్‌లో వానలు పడగానే పసుపు పెడతారు. మొలక రావడానికి మూడు, నాలుగు వారాలు పడుతుంది, తర్వాత కూడా నెమ్మదిగానే లేస్తుంది. అప్పటిదాకా సాళ్ల మధ్య భూమి ఖాళీ. ఎండ పడుతుంది, కలుపు లేస్తుంది.

అక్కడే మక్క వేస్తారు. మక్క తొందరగా ఎత్తు పెరుగుతుంది. పసుపు కొంత నీడను తట్టుకునే మొక్క, చిన్న మొలకకు ఆ నీడ మంచిదే. సెప్టెంబర్, అక్టోబర్ కల్లా మక్క కంకులు ఇంటికొస్తాయి, చొప్ప పశువులకు పోతుంది. సరిగ్గా అదే టైమ్‌కి కింద పసుపు దుంప ఊరడం మొదలవుతుంది, దానికి ఇప్పుడు వెలుతురు కావాలి. మక్క దిగిపోయింది కాబట్టి వెలుతురు దొరుకుతుంది. ఒకటి దిగే టైమ్‌కి ఇంకోటి ఎక్కుతుంది.

డబ్బు లెక్క కూడా అంతే. మక్క పైసలు దసరా, దీపావళి నడుమ వస్తాయి. పసుపు తవ్వకం జనవరి నుంచి మార్చి దాకా. తవ్వాక ఉడకబెట్టాలి, కళ్లంలో పది, పదిహేను రోజులు ఎండబెట్టాలి, డ్రమ్ములో వేసి పాలిష్ పట్టాలి. కాడి వేరు, గోళ వేరు చేసి, అప్పుడు నిజామాబాద్ యార్డుకో, మహారాష్ట్రలోని సాంగ్లీకో తీసుకుపోవాలి. మక్క లేకపోతే ఆ మధ్యలో ఎరువులకు, కూలీలకు, పండగకు అప్పే దిక్కు.

ఇంక చిన్న సాళ్లు. కోజికోడ్‌లోని భారతీయ సుగంధద్రవ్యాల పరిశోధన సంస్థ పసుపుతో కలిపి వేసుకోవచ్చని చెప్పే పంటల్లో మిరప, చామ, ఉల్లి, వంకాయ, మక్క, రాగి ఉన్నాయి. ఆ లిస్టును ఇంకోసారి వినండి. కిచెన్ గార్డెన్ లాగా లేదూ? మెంతికూర అయితే నెల రోజుల్లో కోతకొస్తుంది, కొత్తిమీర ఇంకో వారం, పది రోజులు. పసుపు ఆకు కమ్ముకునే లోపు అవి కట్టలు కట్టి అమ్మేయొచ్చు.

గట్టు మీద ఆముదం ఎందుకంటే, పొగాకు లద్దెపురుగు తల్లి ఆ వెడల్పాకుల మీద గుడ్లు పెట్టడానికి ఇష్టపడుతుంది. రైతు ఆ ఆకు తెంపి పారేస్తే పురుగు చేనులోకి రాదు. బంతి సంగతి తర్వాత చెప్తా. బతుకమ్మకు బంతి ఎలాగూ కావాలి, గునుగు పువ్వు చేను గట్ల మీదే దొరుకుతుంది, పైన పెట్టే గౌరమ్మను పసుపుతో చేస్తారు. ఒక పండగకు కావాల్సింది ఒక చేనులోనే ఉంది.

మా నాయనమ్మ లెక్క ఒకటుండేది. పసుపు పైసలు బాకీలకు, పక్క సాళ్ల పైసలు పొయ్యికి. సాఫ్ట్‌వేర్‌లో మేము దీన్నే ఇంకో పేరుతో పిలుస్తాం, సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ ఉండొద్దు అని. ఒక్క సర్వర్ మీద మొత్తం నడిపితే అది పడిన రోజు అంతా పడుతుంది. నాయనమ్మకు ఆ మాట తెలియదు, కానీ బ్యాకప్ పెట్టుకుంది.

ఆర్మూర్ పక్కనే ఉన్న అంకాపూర్ అనగానే మీకు నాటుకోడి గుర్తొస్తుంది, నాకు తెలుసు. కానీ ఆ ఊరు పేరు ముందు వచ్చింది పంటలతో. విత్తనాల సాగు, కూరగాయలు, పచ్చి మక్క కంకులు, పసుపు. ఏడాదంతా ఏదో ఒకటి కోతకు వచ్చేలా చూసుకున్నారు. నాటుకోడి తర్వాత ఫేమస్ అయింది.

ఇంతకీ మక్క మనదేనా?

ఇక్కడ ఒక ట్విస్ట్. 'ఇది వేల ఏళ్ల సంప్రదాయం' అని థంబ్‌నెయిల్ పెడితే వ్యూస్ బాగా వస్తాయి. కానీ నిజం కాదు. మక్క పుట్టిల్లు మెక్సికో. మిరప, టమాటా, బంతి కూడా అమెరికా ఖండాల నుంచే వచ్చాయి. పదహారో శతాబ్దంలో పోర్చుగీసు ఓడలు తిరగడం మొదలయ్యాకే మన దేశంలోకి అడుగు పెట్టాయి. అంటే పసుపు మక్క జోడీకి ఎంత వయసు వేసినా కొన్ని వందల ఏళ్లే.

మక్క పుట్టిన చోట కూడా అది ఒంటరిగా లేదు. అక్కడి ఆదివాసులు మక్క, చిక్కుడు, గుమ్మడి కలిపి వేసేవాళ్లు. ముగ్గురు అక్కచెల్లెళ్లు అని పేరు. మక్క కర్రకు చిక్కుడు తీగ అల్లుకుంటుంది, చిక్కుడు వేర్లు భూమికి నత్రజనిని చేరుస్తాయి, గుమ్మడి ఆకులు నేలను కప్పి తేమ కాపాడతాయి. సముద్రం దాటి వచ్చిన మక్కకు మన దగ్గర పసుపు తోడు దొరికింది.

నాకు ఇందులో నచ్చేది ఏంటంటే, మనోళ్లు కొత్త మొక్కను చూసి భయపడలేదు. ఇది ఎంత ఎత్తు పోతది, ఎప్పుడు దిగుతది, దీని కింద ఏం బతుకుతది అని చూసి, పాత పద్ధతిలో ఎక్కడ కూర్చోబెట్టాలో తేల్చుకున్నారు. మొక్కలు మారాయి, కలిపి వేసే లెక్క మిగిలింది.

ప్రతి జోడీ కుదరదు

'ఈ రెండు పక్కపక్కన పెట్టండి, పురుగే రాదు' అనే రీల్స్ మీరూ చూసే ఉంటారు. అన్నీ నమ్మకండి. పరీక్షించి చూసినవి కొన్ని ఉన్నాయి. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ టమాటాలో పదహారు వరుసలకు ఒక వరుస బంతి వేయమని చెప్పింది. కాయ తొలిచే పురుగు తల్లి బంతి పువ్వుల దగ్గరికి పోతుంది. కానీ అందులో ఒక షరతు ఉంది, రెండూ ఒకే టైమ్‌లో పూతకు రావాలి. అందుకే నలభై రోజుల బంతి నారు, ఇరవై అయిదు రోజుల టమాటా నారు కలిపి నాటమన్నారు. టైమ్ తప్పితే బంతి ఉత్త అందానికే. బంతి వేర్ల నుంచి వచ్చే పదార్థం మట్టిలోని నులిపురుగులను తగ్గిస్తుందని కూడా తేలింది.

మక్క విషయంలోనూ హద్దు ఉంది. మక్కకు ఆకలి ఎక్కువ, నత్రజని బాగా లాగేస్తుంది. ఒత్తుగా వేస్తే నీడ ఎక్కువై, తిండి తక్కువై పసుపు దుంప చిన్నదవుతుంది. అందుకే మక్కను పలచగా వేసుకోవాలి, దాని ఎరువు దానికి వేరుగా ఇవ్వాలి. పక్క పంట అంటే ఫ్రీగా వచ్చేది కాదు. లెక్క తెలిసినోళ్లకే లాభం.

సాళ్లు ఎట్లా తగ్గాయి

ఒక కారణం కూలీ. చిన్న సాళ్లకు చేతితో కలుపు తీయాలి, చేతితో కోయాలి. దానికి మనుషులు దొరకాలి.

ఇంకో కారణం కలుపు మందు. మక్కకు, పసుపుకు కూడా వాడే అట్రాజిన్ లాంటి మందు మొలిచే వెడల్పాకు మొక్కలను చంపుతుంది. మక్క బతుకుతుంది, దుంప నుంచి వచ్చే పసుపు బతుకుతుంది. మరి మెంతి? కొత్తిమీర? మందు దృష్టిలో అవి కూడా కలుపే. గునుగు కూడా కలుపే. ఎవరూ కూర్చుని 'ఇక మెంతికూర వద్దు' అని నిర్ణయం తీసుకోలేదు. మందు డబ్బా మూత తీసిన రోజే అది జరిగిపోయింది.

మూడోది, రకాలు మారడం. కోజికోడ్ సంస్థ ఇచ్చిన 'ప్రగతి' రకం దాదాపు 180 రోజుల్లో చేతికొస్తుంది. రైతుకు ఇది మంచి వార్త, ఎదురుచూపు మూడు నెలలు తగ్గింది. కానీ పంట కాలం మారితే పక్క సాలు కాలం కూడా మారాలి. పాత లెక్కలు కొత్త రకానికి అట్లనే అతకవు, మళ్లీ కూర్చుని వేసుకోవాలి.

178 మంది

ఇప్పుడు 2019. పసుపు రేటు పడిపోయి ఉంది. ఫిబ్రవరిలో ఆర్మూర్‌లో రైతులు హైవే మీద కూర్చున్నారు. అడిగింది పసుపుకు క్వింటాల్‌కు 15,000 రూపాయలు, ఎర్రజొన్నకు 3,500, ఇంకా ఒక పసుపు బోర్డు. మాట ఎవరూ వినట్లేదని లోక్‌సభ ఎన్నికల్లో నామినేషన్లు వేశారు. నిజామాబాద్‌లో మొత్తం 185 మంది అభ్యర్థులు, అందులో 178 మంది రైతులు. అంత మంది పేర్లు పెట్టడానికి ఎన్నికల సంఘం ప్రత్యేకంగా ఈవీఎంలు తెప్పించి, ఒక్కో బూత్‌లో పన్నెండు బ్యాలెట్ యూనిట్లు వరసగా పెట్టాల్సి వచ్చింది. ఆ ఎన్నికలో గెలిచిన ధర్మపురి అర్వింద్ బోర్డు తెస్తానని బాండ్ పేపర్ మీద రాసిచ్చారు. కేంద్రం 2023 అక్టోబర్‌లో జాతీయ పసుపు బోర్డును నోటిఫై చేసింది. 2025 జనవరి 14న, సంక్రాంతి రోజు, అది ప్రారంభమైంది. హెడ్ ఆఫీసు నిజామాబాద్.

ఇక్కడ పార్టీల గొడవలోకి నేను పోను. నాకు కనిపించేది ఒకటి. ఇంటి ఖర్చు మొత్తం ఒక్క పంట రేటు మీద ఆధారపడే కొద్దీ, ఆ రేటు పడిన రోజు మిగిలేది రోడ్డే. బోర్డు మార్కెట్ చూస్తుంది, ఎగుమతి చూస్తుంది, రకాలు చూస్తుంది, చూడాలి కూడా. కానీ ఆ ఫైళ్లలో ఉండేది పసుపు. దాని పక్కన ఏ సాలు వేస్తే ఇల్లు దసరా దాకా నిలబడుతుందో ఆ లెక్క ఇంకా మన పెద్దోళ్ల నోట్లోనే ఉంది.

కాగితం ఎందుకు కావాలి

మొదట్లో ఒక కేసు చెప్తా అన్నా కదా. 1995 మార్చిలో అమెరికా పేటెంట్ ఆఫీసు మిసిసిపీ యూనివర్సిటీ మెడికల్ సెంటర్‌కు చెందిన ఇద్దరు పరిశోధకులకు ఒక పేటెంట్ ఇచ్చింది. దేనికో తెలుసా? గాయానికి పసుపు పెట్టడానికి. మీకూ నాకూ చిన్నప్పుడు మోకాలు చెక్కుకుపోతే అమ్మ పెట్టిన అదే పసుపు.

మన సీఎస్‌ఐఆర్ సంస్థ, ఆర్.ఎ. మషేల్కర్ నాయకత్వంలో, 1996లో దాన్ని సవాలు చేసింది. కోట్ల మంది అమ్మలు రోజూ చేస్తున్న పని కదా, అది చెప్తే చాలదా? చాలలేదు. అచ్చులో ఉన్న రుజువు కావాలి. పాత గ్రంథాలు, 1953లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ జర్నల్‌లో వచ్చిన ఒక వ్యాసం, ఇట్లా వెతికి పెట్టారు. 1997లో పేటెంట్ రద్దయింది. ఆ అనుభవంతోనే 2001లో సంప్రదాయ జ్ఞానానికి ఒక డిజిటల్ లైబ్రరీ మొదలుపెట్టారు.

నేను ఈ కేసును ఎన్నిసార్లు చదివినా ఒక్క దగ్గరే ఆగుతా. గెలిపించింది మన అమ్మల చేతిలో ఉన్న పసుపు కాదు, ఎవరో దాని గురించి రాసి పెట్టిన కాగితం. పసుపు లాంటి పెద్ద పంటకే అట్లా ఉంటే, దాని పక్కన మూడో సాలులో ఉన్న మెంతికి ఎవరు రాసి పెట్టారు? ఏ నేలలో ఎన్ని వరుసల పసుపుకు ఒక వరుస మక్క, ఆముదం ఏ మూల వేయాలి, చామ నీళ్ల కాలువ దగ్గరే ఎందుకు, ఇవన్నీ తెలిసిన తరం ఇప్పుడు డెబ్బైల్లో, ఎనభైల్లో ఉంది.

అందుకే ఈ ఎపిసోడ్‌కు హోంవర్క్ ఉంది, రెండే. ఒకటి, పచ్చి పసుపు కొమ్ము ఒకటి సంపాదించండి. వానకాలం మొదట్లో అడుగు లోతున్న కుండీలో రెండంగుళాల లోపల పెట్టండి. మొలక వచ్చే వరకు పైన మట్టి ఖాళీగా ఉంటుంది కదా, అక్కడ వంటింట్లో ఉన్న మెంతులే గుప్పెడు చల్లండి. మెంతికూర కోసుకునే నాటికి పసుపు ఆకు విప్పుతుంది. నీళ్లు నిలవకుండా చూసుకోండి, దుంప కుళ్లిపోతుంది. బాల్కనీ చాలు దీనికి.

రెండోది దీనికన్నా ముఖ్యం. ఇంట్లో వ్యవసాయం చేసిన పెద్దోళ్లు ఉంటే ఫోన్ రికార్డర్ ఆన్ చేసి కూర్చోండి. 'ఏం పంట వేసేవాళ్లు' అని అడిగితే పెద్ద పంట పేరు చెప్పి ఊరుకుంటారు. 'దాని పక్క సాలులో ఏముండేది, గట్టు మీద ఏముండేది, అది ఎవరు అమ్మేవాళ్లు, ఆ పైసలు దేనికి పోయేవి' అని అడగండి. ఊరి పేరు, మడి పేరు, ఏ కాలమో కూడా చెప్పించండి. తర్వాత దాన్ని టైప్ చేసి పెట్టుకోండి, ఆడియో ఒక్కటే ఉంటే ఫోన్ మారినప్పుడు పోతుంది.

మీకు తెలిసిన జోడీలు కామెంట్‌లో రాయండి. ఊరు, నేల రకం తప్పకుండా రాయండి, వచ్చిన వాటన్నిటినీ ఒక దగ్గర పెట్టి ఇదే పేజీలో పోస్ట్ చేస్తా. వచ్చే ఎపిసోడ్‌లో ఎర్రజొన్న కథ చెప్పుకుందాం. ఉంటా మరి.